సైడుకు వేసిన ప్యాచ్

ఒక రబ్బరు ముక్క బరువు ఇన్నేళ్లుగా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

మాచర్ల రోడ్డులో నాది పంక్చర్ల షాపు. బడి మధ్యలో మానేసినా, శాఖా గ్రంథాలయంలో దొరికిన పుస్తకమల్లా చదివాను. టైర్ల గురించి కూడా. నేలను తాకే చోట తెగితే లోపలి నుంచి ప్యాచ్ వేయవచ్చు. పక్కభాగం తెగితే వేయకూడదు. అది ప్రతి చుట్టుకీ వంగుతుంది, ప్యాచ్ నిలవదు. షాపుకొచ్చిన ప్రతివాడికీ ఈ సంగతి గొప్పగా చెప్పేవాణ్ని.

మిరప కోతల రోజులు. పొద్దున్నే కోటయ్య బాబాయ్ ఆటో నిండా కూలి ఆడవాళ్లతో వచ్చాడు. వెనక టైరు పక్కన తెగింది.

"ఏందిరా, పని జరుగుద్దా?"

"సైడు పోయింది బాబాయ్. కొత్తది ఏపించు."

"కోతలైనాక ఏపిస్తాలే."

ఆటోలోంచి నాగమ్మత్త అరిచింది. "ఒరేయ్ పంతులూ, పాఠం తర్వాత చెబుదువు గానీ! ఆలస్యమైతే చేలో మా సాళ్లు ఇంకో కూలి ముఠాకి ఇచ్చేస్తారు. నీకు చాతగాదని చెప్పు, పోతాం."

అందరూ నవ్వారు. నాకు పౌరుషం వచ్చింది.

"నేనేస్తే ఊడదు" అన్నాను.

టైరు విప్పి లోపల గీకాను. అంటించే సొల్యూషన్ రాశాను. అది ఆరేదాకా ఆగాలి. ఆగలేదు. నోటితో ఊది ప్యాచ్ అంటించాను. బయట కోత కనపడకుండా నల్లరంగు పూశాను. పూయమని ఎవరడిగారు? మెల్లగా పొమ్మని ఒక్క మాటన్నా ఎందుకు అనలేదు?

కాలవకట్ట మలుపులో టైరు పేలింది. ఆటో పల్టీ కొట్టింది. నాగమ్మత్త కుడిచెయ్యి నలిగిపోయింది. ఇక ఆ చెయ్యి మిరపకాయ తెంపలేదు.

కబురు తెలిసి పరిగెత్తాను. ఊడిన ప్యాచ్ కనపడితే తీసి జేబులో వేసుకున్నాను. ఎందుకు పేలిందని జనం నన్నే అడిగారు, చదివేవాణ్ని కదా. నేర్చుకున్నదంతా నోటికొచ్చింది. బరువు, వేగం, వేడికి గాలి వ్యాకోచించడం. "ప్యాచ్ గట్టిగానే ఉంది, స్పీడే కొంప ముంచింది" అన్నాను. అంత చదువూ బాబాయ్ లాంటి ముసలాయన మెడకు ఉరి బిగించడానికి పనికొచ్చింది. తూ!

ఆ తర్వాత కోటయ్య బాబాయ్ ఆటో ఎవరూ ఎక్కలేదు. ఇప్పుడాయన సున్నం బట్టీలో బస్తాలు మోస్తున్నాడు. సాయంత్రాలు నా షాపు ముందు కూర్చుని పేపరు చదివించుకుంటాడు. మొన్న చదువుతుంటే ఆపి అన్నాడు.

"ఆ రోజు మెల్లగా పోయినట్టే గుర్తు రా. అయినా నువ్వు చెప్పావంటే స్పీడుగానే పోయుంటాలే."

నాకు ఒళ్లు మండిపోయింది. ఒక్కసారైనా నన్ను అనుమానించడేం? నా కాలర్ పట్టుకోడేం? తన జ్ఞాపకం కంటే నా అబద్ధాన్నే నమ్మాడే! నేను తలొంచుకుని తర్వాతి వార్త చదివాను.

బాబాయ్ స్పీడుగా పోలేదు. నిలవదని తెలిసి ఆ ప్యాచ్ వేసింది నేను. మొదటిసారి ఈ మాట బయటపెట్టాక గుండెల్లో బిగుతు కాస్త సడలింది. అలా సడలినందుకూ నా మీద నాకు కోపమే వస్తోంది. నాగమ్మత్త వేళ్లు ఇంకా ముడుచుకునే ఉన్నాయి.