గ్రాఫు పాడుచేసిన మనిషి

ల్యాబ్‌లో మైనం కరుగుతున్న వాసన వస్తే చాలు, పైడితల్లి మేడమ్ వచ్చి నా వెనకాల నిలబడినట్టే ఉంటుంది. ఈ ఉదయమూ అంతే, నాకు తెలియకుండానే నడుము నిటారుగా పెట్టేశాను. విశాఖలో నాకు పరిశోధన నేర్పిన ప్రొఫెసర్ ఆవిడ. కోపమొస్తే ఇంగ్లీషంతా ఎగిరిపోయి విజయనగరం పల్లె మాట బయటికొచ్చేది. మాకు వణుకు పుట్టేది.

నా థీసిస్ కిడ్నీ క్యాన్సర్ మీద. కణుతుల్ని అదుపులో పెట్టే జన్యువు ఒకటుంది. దాని మీద మిథైల్ అనే రసాయన గుర్తులు పేరుకుంటే అది చెడిపోదు గానీ పని మానేస్తుంది. అలాంటి రోగులు తొందరగా పోతారా అన్నదే నా ప్రశ్న. ఆపరేషన్‌లో తీసి మైనంలో దాచిన కణుతుల్ని పరీక్షించడం, ఆ మనుషులు ఎలా ఉన్నారో ఫోన్ చేసి కనుక్కోవడం, రెండేళ్ళూ ఇదే పని. గ్రాఫు అద్భుతంగా వచ్చింది, జన్యువు పని మానేసినవాళ్ళ గీత మిగతావాళ్ళ గీత కంటే తొందరగా కిందికి దిగింది. వన్ టౌన్‌లో కాటాలు బాగుచేసే కాదర్ గారొక్కరే తేలలేదు. ఆయన జన్యువు పూర్తిగా పని మానేసింది, ఫోనేమో ఎత్తడం లేదు. ఇంకేముంది, పోయుంటాడులే అనుకుని ‘మరణించారు’ అని రాసేశాను. సిగ్గులేని పని, ఒప్పుకుంటాను.

నా పట్టిక చూస్తున్న మేడమ్ వేలు సరిగ్గా ఆ వరస మీదే ఆగింది.

“ఈయన ఎప్పుడు పోయాడమ్మా?”

“ఫోన్ ఎత్తడం లేదు మేడమ్...”

“ఫోనెత్తకపోతే సచ్చిపోయినట్టేటి? మా ఆయనా ఎత్తడు! పద, బస్సెక్కు.”

వన్ టౌన్ సందులో ఒక ముసలాయన కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని కాటా విప్పుతున్నాడు. “కాదర్‌ని నానే. ఏటి కావాలి?” అన్నాడు. ఫోను నీళ్ళ డ్రమ్ములో పడిపోయిందట. గట్టిగా నవ్వి, మాకు టీ తెప్పించాడు.

నా మొహం మాత్రం వాడిపోయింది. నా గ్రాఫు! మేడమ్ కనిపెట్టేసింది. సందు దాటగానే నిలబెట్టి అడిగింది.

“మనిసి బతికున్నాడని ఏడుత్తన్నావేటి?”

చెంప ఛెళ్ళుమన్నట్టయింది. మర్నాటి నుంచి, ఫోన్‌లో మాత్రమే కనుక్కున్న ప్రతి పేరుకీ గడప తొక్కాను. లెక్కంతా మళ్ళీ కట్టాను. రెండు గీతల మధ్య తేడా కొంచెం తగ్గింది గానీ, నిలబడింది!

వైవాలో ఒక పెద్దాయన గ్రాఫు మీద కాదర్ గారి చుక్క చూపించి, “ఈయన ఒక్కడూ మీ గీత పాడుచేస్తున్నాడు కదమ్మా?” అన్నాడు.

“పాడుచెయ్యనివ్వండి సార్. ఆయన బతికున్నారు, నేను చూసొచ్చాను.”

హాలంతా నవ్వింది. చివరి వరసలోంచి మొదటి చప్పట్లు మేడమ్‌వే. పట్టా చేతికొచ్చిన రోజున కూడా నాకంత గర్వం కలగలేదు. ఆ తర్వాత ఇన్నేళ్ళలో, వెళ్ళి కనుక్కోకుండా నా కాగితాల మీద ఒక్క మనిషినీ చంపలేదు.