ఆయన తగ్గిన తొమ్మిది కిలోలు

మా ఆయన తొమ్మిది కిలోలు తగ్గాడు. నేను రెండు. ఆ తేడా చూసి అప్పట్లో నేను కుళ్ళుకున్న కుళ్ళు తలుచుకుంటే, ఇప్పుడు నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఆయన ఈ హిందీ ప్రాంతంలో, గమ్హరియా ఫ్యాక్టరీల్లో ఒక కాంట్రాక్టరు దగ్గర రిగ్గరు. నడుముకి బెల్టు కట్టుకుని షెడ్ల కప్పుల మీద చేసే పని. అంత ఎత్తు ఎక్కాలంటే హైట్ పాస్ ఉండాలి, దానికి మెడికల్ గట్టెక్కాలి. పోయినసారి డాక్టరు పాస్ ఇస్తూనే బరువు తగ్గమని గట్టిగా చెప్పాడు. దాంతో జుగ్సలాయిలో మా అద్దె గదిలో, మంచానికీ ఫ్రిజ్‌కీ మధ్య ఉన్న కాస్త జాగాలో, ఫోనులో వీడియో పెట్టుకుని ఇద్దరం మొదలెట్టాం. ఇరవై గుంజీలు, గోడకి చేతులానించి పది దండీలు, అయిదు కిలోల గోధుమపిండి ప్యాకెట్టు ఎత్తి దించడం.

మొదటి నెల ఇద్దరం ఒకేలా ఆయాసపడ్డాం. తర్వాత ఆయన ప్యాంట్లు జారడం మొదలైంది. నేను మాత్రం ఎక్కడున్నదాన్ని అక్కడే. లోపం నాదేననుకుని గుంజీలు నలభై చేశాను. రాత్రి అన్నం మానేసి రెండు రొట్టెలతో సరిపెట్టుకున్నాను. పది కిలోల పిండి ప్యాకెట్టు తెచ్చాను. మోకాళ్ళు వాచాయి. ఆయన చెంబులకి చెంబులు నీళ్ళు తాగుతుంటే, వీడియోలో అమ్మాయి చెప్పినట్టే చేస్తున్నాడు, ఎంత పట్టుదలో అని మురిసిపోయాను. ఇరుగుపొరుగుకి గొప్పగా చెప్పుకున్నాను కూడా. నా మొహం!

మోకాళ్ళకి మందు కోసం వీధి చివర మందుల కొట్టుకి వెళ్ళాను. కొట్టతను ట్యూబు చేతికిచ్చి, "భయ్యా కీ షుగర్ కీ గోలీ భీ లే జాయియే" అన్నాడు. ఆయన షుగరు మాత్రలు అయిపోయుంటాయి, అవీ పట్టుకెళ్ళమంటున్నాడు. నాకు తెలియదని చెప్పడానికి సిగ్గేసింది. తల ఊపి తీసుకొచ్చేశాను. ఆ చెంబుల నీళ్ళూ, ఆ తొమ్మిది కిలోలూ షుగరు పనేనని దారిలో తెలిసొచ్చింది.

సాయంత్రం ఆయన బూట్లు విప్పుతుండగా మాత్రలు ముందు పడేశాను.

"ఏటయ్యా ఇది? ఎన్నాళ్ళయింది?"

"మూడు నెల్లు."

"నాకెందుకు సెప్పలేదు?"

"సెప్తే నన్ను పైకెక్కనిత్తావేటి? పాసు పోద్ది. ఎవులి దగ్గరా అనకే."

"నేను మోకాళ్ళు అరగదీసుకుంతంటే సూత్తా ఊరుకున్నావు గదయ్యా!"

రోజూ పొద్దున్నే నా పక్కన నిలబడి, "ఇంకో పది సెయ్యవే, నాలాగే తగ్గుతావు" అన్న మనిషి! ఇరవై ఏళ్ళ కాపురంలో నన్నింత వెర్రిదాన్ని ఎవరూ చెయ్యలేదు. అంతలో ఇంకో మాట నోరు జారాడు. పోయిన వారం పైన కళ్ళు తిరిగి, ఇనుప దూలం కరుచుకుని కూర్చుండిపోయాడట.

ఎవరికీ చెప్పనని అప్పటికి మాటిచ్చాను. మర్నాడు ఆయన స్నానానికి వెళ్ళగానే, ఆయన ఫోనులోంచే సూపర్‌వైజరుకి ఉన్నదంతా చెప్పేశాను.

ఆ రోజే పాసు తీసేసుకుని, కింద సామాన్ల గదిలో కూర్చోబెట్టారు. ఆయన ఇంటికొచ్చి లోపలికి కూడా రాలేదు, గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నిన్ను నమ్మి సెప్పినానే" అన్నాడు.

"నువ్వు సెప్పలేదయ్యా" అన్నాను. "మందుల కొట్టోడు సెప్పినాడు."