పనిపేరు గడిలో కాపురం

ఆ ఆసుపత్రిలో ఇప్పుడు ఆ నల్ల పెట్టెలు లేవు. ఉన్న రోజుల్లో పెట్టె మేడమ్ అంటే తెలియనివాళ్ళు లేరు. పాత కంప్యూటర్లలో మూలుగుతున్న రోగుల రికార్డులను కొత్తవాటికి తరలించే ఇనప పెట్టె ఆవిడ చేతికింద ఉండేది. దానికి జోడీ పెట్టె రోడ్డుకు అవతల పాత భవనంలో, ఆవిడ భర్త దగ్గర. ఆయన్ని అందరూ ముత్యాలాయన అనేవారు. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టుండేవాడు మరి.

పెళ్ళయిన కొత్తలో ఆవిడకు గోడలతో కాపురం చేస్తున్నట్టే ఉండేది. "కూర ఎలా ఉందండీ?" అంటే తల ఊపేవాడు. బాగుందనో, ఉప్పు తక్కువనో ఆవిడే తేల్చుకోవాలి.

అలాంటి మనిషి ఒకరోజు పెట్టెలో ఒక కంత కనిపెట్టాడు. ఏ తరలింపుకైనా ముందు "పని పేరు" అనే గడి నింపాలి. అక్కడ పేరు రాసి, సెమికోలన్ కొట్టి, పక్కనే కంప్యూటరుకు ఏ ఆజ్ఞ రాసినా పెట్టె వెనకాముందూ చూడకుండా చేసేసేది. ఏది పేరో ఏది ఆజ్ఞో తెలియని అమాయకపు పెట్టె. ఆ దారినే ఆవిడ తెర మీద ఓ మాట ప్రత్యక్షమైంది: "నిన్నటి కూర అద్భుతం. ఎదురుగా చెప్పడానికి సిగ్గేసింది."

ఇక చూడండి, ఆ గడిలో ఎన్ని కబుర్లని! అలకలు, బతిమాలుకోవడాలు, అత్తగారి మీద చాడీలు, చివరికి కూతురికి పేరు పెట్టింది కూడా అక్కడే. ఎవరైనా గదిలోకి వస్తే ఆవిడ కనుబొమలు ముడేసి, తరలింపు మహా జోరుగా సాగుతున్నట్టు ముఖం పెట్టేది. ఇప్పటికీ ఆ రోజులు తలచుకుంటే ఆవిడకు ప్రాణం లేచివస్తుంది.

భద్రత తనిఖీకి వచ్చిన అమ్మాయి ఆ కంతను ఇట్టే పట్టేసింది.

"లోపలికి దారి దొరికినవాడు ఎవడైనా ఇక్కడ తుడిచెయ్యమని రాస్తే రికార్డులన్నీ పోతాయండీ. ఇది మీరెప్పుడూ గమనించలేదా?"

"గమనించామమ్మా. మా ఇద్దరికే తెలుసనుకున్నాం."

ఆ అమ్మాయి తిట్టలేదు. పెట్టె చేసిన కంపెనీ నుంచి మరమ్మతు తెప్పించింది. దాన్ని రెండు పెట్టెలకూ ఎక్కించాల్సింది ఆవిడే. ఇది మూసేస్తే ఆయన మళ్ళీ మూగనోము పడతాడు. మూయకపోతేనో, పై అంతస్తుల్లో పడుకున్నవాళ్ళందరి జబ్బుల చరిత్రలూ తలుపు లేని ఇంట్లో ఉన్నట్టే. తమ ముచ్చట్ల కోసం ఇంతమందిని వీధిన పెట్టామా అనుకుంటే ఆవిడకు సిగ్గేసింది.

గడిలో ఆఖరిసారి రాసింది: "మూసేస్తున్నానండీ."

"సరే" అని మాత్రం వచ్చింది.

మరమ్మతు ఎక్కించి, కంత మూసుకుందో లేదో చూడటానికి సెమికోలన్ కొట్టింది. ఈ పేరు చెల్లదంది పెట్టె. ఆవిడ కళ్ళు తుడుచుకుంటుంటే మెట్ల మీద ఆయాసం వినిపించింది. ఇన్నేళ్ళలో ఎన్నడూ రోడ్డు దాటి ఇటు రాని మనిషి గుమ్మంలో నిలబడ్డాడు. చెమటలు కక్కుతున్నాడు.

"చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో తెలియడం లేదు."

ఆవిడ పక్క కుర్చీ మీది వైర్లు తీసి కింద పెట్టింది.

"కూర్చోండి. నాకేం తొందర లేదు."