మా బావ బొట్టు పెట్టిన హార్డ్‌డిస్కు

మొన్న విజయనగరంలో మా అప్ప మనవరాలికి చెవులు కుట్టించిన రోజు, అందరం భోజనాలకు కూర్చున్నాక మా బావ మళ్లీ ఆ మాటే అన్నాడు. "ఈడి కంప్యూటరూ ఈడి లాంటిదే. ఎంత పెద్దది తగిలించినా కొంచెమే పడతాది." పంక్తి మొత్తం నవ్వింది. నేను నవ్వలేదు. తప్పు ఆయనదని తేలిపోయాక కూడా, ఇన్నేళ్లుగా ఏ శుభకార్యం జరిగినా ఆయన అదే మాట వడ్డిస్తున్నాడు. నేను తలొంచుకుని తింటున్నాను. ఇక చెప్పక తప్పదు.

చీపురుపల్లిలో మా కిరాణా షాపులో కొన్నాళ్లు బిల్లులు కొట్టిన పాత కంప్యూటర్ అది. వీడియో కాసెట్‌లోని బొమ్మను లోపలికి ఎక్కించే కార్డు ఒకటి దానికి ఉండేది. మా అప్పకీ ఈ బావకీ జరిగిన పెళ్లి కాసెట్ నా దగ్గరే ఉంది. అమ్మ ఫొటోలు మా ఇంట్లో చాలానే ఉన్నాయి గానీ, ఆమె గొంతు ఉన్నది ఆ కాసెట్‌లో మాత్రమే. శ్రీకాకుళంలో ఒక స్టూడియోకి పట్టుకెళ్తే "కాసెట్టా!" అని పురావస్తువును చూసినట్టు చూశారు. ఇంట్లో మూలపడ్డ కాసెట్ ప్లేయర్‌ను బాగుచేసినాయన రీలుకు పట్టిన బూజు చూపించి, "ఒక్కసారి నడుస్తాది బాబూ. మధ్యలో ఆపితే తెగిపోద్ది" అన్నాడు. అంటే పెళ్లంతా ఒకే ఊపులో ఎక్కాలి. పాత డిస్కులో అంత చోటు లేదు. మా బావకి విజయనగరంలో కంప్యూటర్ల షాపు ఉంది కదా అని ఆయన దగ్గరికే మోసుకెళ్లాను. అదే నేను చేసిన తప్పు.

ఎవరో వాడి అమ్మేసిన ఎనభై జీబీల డిస్కు ఒకటి తీశాడు. మా ఇళ్లలో స్కూటరైనా మిక్సీ అయినా బొట్టు పెట్టందే వాడరు. మా బావ ఆ డిస్కుకి పసుపు రాసి, దాని మీది కాగితం నడిమధ్య బొటనవేలంత కుంకుమ బొట్టు పెట్టి, మరీ బిగించాడు. స్విచ్ వేస్తే తెర మీద ముప్పై రెండే కనిపించాయి. కొనడానికి వచ్చిన వాళ్లందరి ముందు ఆ మాట మొదటిసారి అన్నది అప్పుడే. "పాతది కదేటి, ఇంతకన్నా పట్టదు. పారీరా" అని కూడా అన్నాడు.

పారేయలేదు. ఇంటికి తెచ్చి రోజూ విప్పాను, రోజూ బిగించాను. డిస్కు మీది కాగితంలో ఏదో బొమ్మ ఉన్నట్టు కుంకుమ అంచుల్లోంచి గీతలు కనిపించేవి. పెట్టిన బొట్టు చెరిపితే వస్తువు అచ్చిరాదంటారు. అందుకే ఎవరూ చెరపలేదు, నేనూ చెరపలేదు. చివరికి ఒళ్లు మండి తడిగుడ్డ తీసుకున్నాను. "శుక్రవారం పూట బొట్టు సెరిపేస్తన్నారేటి!" అని మా ఆవిడ కేక వేసింది. చెరిపేశాను.

కింద ఉన్నది జంపర్ బొమ్మ. జంపర్ అంటే డిస్కు వెనక పిన్నులకు తొడిగే చిన్న ప్లాస్టిక్ ముక్క. అది ఒక చోట ఉంటే, ఇంకా పాత కంప్యూటర్ల కోసం డిస్కు తనను తాను ముప్పై రెండుగానే చూపించుకుంటుంది. అమ్మినవాడు దాన్ని అక్కడే వదిలేశాడు. దారి చూపించాల్సిన బొమ్మను మా బావ కుంకుమతో కప్పేశాడు. ముల్లు తీసే పట్టకారుతో ఆ ముక్క లాగేశాను. ఎనభై మొత్తం పట్టింది, నా పాత కంప్యూటర్‌కే! వెంటనే ఫోన్ చేసి చెప్పాను. "అయితే ఏటంతావు? బొట్టెట్టడం తప్పంతావా?" అని ఆయనే నా మీద లేచాడు.

కాసెట్ నడిపించాను. వీడియో తీసిన మహానుభావుడు పెళ్లంతా సినిమా పాటలు నింపేశాడు. అమ్మ పెదవులు కదులుతున్నాయి, పాట వినిపిస్తోంది. ఏడుపొచ్చినంత కోపం వచ్చింది. భోజనాల దగ్గర మాత్రం ఒక పాట అయిపోయి ఇంకోటి మొదలయ్యే లోపు అమ్మ గొంతు వినిపించింది: "ఒరే, ముందు అల్లుడుగారి ఆకులో నెయ్యెయ్యండి. ఈడు తరవాత తింతాడు, ఈడెక్కడికి పోతాడు!"

ఆ ఈడు నేనే. వీడియోలో ఆకు ముందు కూర్చుని నెయ్యి కోసం చూస్తున్నాను. నేనెక్కడికీ పోలేదు, ఆమే పోయింది. నన్నెందుకు ఆగమన్నావని దెబ్బలాడదామంటే, కాలం ఆ మనిషిని తన దగ్గరే ఉంచుకుని, గొంతు మాత్రం ఇచ్చి ఊరుకుంది.