ఎడమ చెంప

గడ్డం నూనెలమ్మే కౌంటరులో అతన్ని పెట్టుకున్నదే ఆ ఒత్తైన గడ్డం చూసి. అలాంటిది ఎడమ చెంప మీద గుండీ అంత మేర వెంట్రుకలు రాలిపోయాయి. కౌంటరులో ఉన్న నూనెలు, క్రీములు అన్నీ రాసి చూశాడు. గుండీ కాస్తా అగ్గిపెట్టె అంత అయింది. ఇప్పుడు రోజూ పొద్దున్నే భార్య కనుబొమల పెన్సిలుతో అక్కడ ఒక్కో వెంట్రుకా గీసుకుంటున్నాడు. "మెల్లిగా గీయండి. ఉద్యోగం పోతే ఆ పెన్సిలుకీ దిక్కుండదు," అంటుంది ఆమె.

ఆ మధ్యాహ్నం, మేనేజరు అటే చూస్తుండగా, ముక్కు దాకా మఫ్లరు చుట్టుకున్న కస్టమరొకడు వచ్చి నూనె సీసా తిప్పితిప్పి చూశాడు.

"మీరూ ఇదే వాడతారా?"

"ఇదే సార్," అంటూ అతను అలవాటు కొద్దీ నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకుని రెండు చెంపలకూ రుద్దుకున్నాడు. చెయ్యి తీసేసరికి వేళ్ళన్నీ నల్లగా ఉన్నాయి. నూనె తగిలితే పెన్సిలు కరిగిపోతుందని అతనికి తట్టనేలేదు. గబుక్కున ఎడమ చెంపను అరచేత్తో కప్పుకున్నాడు.

కస్టమరు ఒక్క అడుగు జరిగి మేనేజరుకు అడ్డంగా నిలబడ్డాడు. తన జేబురుమాలు అందించి, మఫ్లరు కిందికి లాగాడు. ఆ కస్టమరు గడ్డంలోనూ రెండు చోట్ల చర్మం నున్నగా మెరుస్తోంది.

"నూనె వద్దులే అన్నా," అన్నాడు గొంతు తగ్గించి. "ఆ పెన్సిలు ఎక్కడ దొరుకుతుందో చెప్పు."