ఆదిలాబాద్ జిన్నింగ్ మిల్లులో నేను బిగించిన స్క్రూ

నాది కరీంనగర్‌లో లేత్ షాపు. రెండేళ్ల కింద ఆదిలాబాద్‌లోని పత్తి నుంచి గింజలు వేరుచేసే ఒక జిన్నింగ్ మిల్లుకు, రెండు షాఫ్టు ముక్కలను కలిపే కప్లింగ్ చేసిచ్చాను. తల లోపలికి మునిగే స్క్రూ ఆ రోజు దొరకలేదు. ఏమవుతుందిలే అని తల బయటికి ఉండేది బిగించి పంపాను. పోయినేడు చలికాలంలో షాఫ్టుకు ఆయిల్ పోసే పోశెట్టి మఫ్లర్ ఆ స్క్రూకే చుట్టుకుంది, లాక్కోబోతే కుడిచెయ్యి పోయిందట. ఈ సంగతి మొన్న మిల్లు మనిషి షాపుకొచ్చి చెప్పాడు. తల మునిగే స్క్రూ ఒకటి తెచ్చి జేబులో వేసుకున్నాను.

ఉదయం అయిదున్నరకు బస్సెక్కాను. జగిత్యాల, నిర్మల్ మీదుగా అయిదారు గంటల దారి, టికెట్ మూడు నాలుగు వందల మధ్య. దిగేసరికి ఎండ వచ్చినా చలి తగ్గలేదు. "పత్తి సీజనన్నా, అన్ని మిల్లులు నడుస్తున్నయి. ఏ మిల్లుకు పోవాలె?" అన్నాడు ఆటో అతను. పేరు చెప్పగానే, "చెయ్యి పోయిన మిల్లా?" అన్నాడు.

అక్కడ మోటారు ఒక్కటే. నేల కింది గుంతలో మిల్లు పొడుగునా ఉన్న షాఫ్టును అది తిప్పుతుంది. షాఫ్టు మీది పుల్లీల నుంచి బెల్టులు పైకొచ్చి ఒక్కో జిన్ను యంత్రాన్నీ నడుపుతాయి. అన్నం వేళ ఆపినప్పుడు గుంతలోకి దిగాను. నా స్క్రూ అలాగే ఉంది, బొటనవేలంత తలతో. తిరిగేటప్పుడు అది కంటికి ఆనదు, నున్నటి కడ్డీలాగే ఉంటుంది. దాన్ని తీసి, తల మునిగేది బిగించాను. "మఫ్లర్ ఏసుకొని దిగద్దని బోర్డు సుత పెట్టినం," అన్నాడు సూపర్‌వైజర్.

పోశెట్టి ఇల్లు మిల్లు వెనకే. వాకిట్లో ఎండకు కూర్చున్న అతని ముందు ఆ స్క్రూ పెట్టాను.

"అన్నా, గిది పెట్టింది నేనే."

ఎడమచేత్తో తీసుకుని, దాని తలను బొటనవేలితో తడిమాడు.

"మఫ్లర్ తియ్యకుంట దిగినవ్, నీ తప్పేనని అందరు నన్నే అన్నరు. మా ఇంటామె సుత. యాడాది సంది గదే మాట. జర ఆమెకు చెప్పన్నా."

అతని భార్య గంగుబాయి లోపలినుంచి వచ్చింది. చెప్పాను. ఆమె స్క్రూ వంక చూడలేదు, గడప మీద కూలబడింది.

"మఫ్లర్ మెడకు కట్టి పంపింది నేనే. గా మాట ఎవ్వలకు చెప్పలే."

పోశెట్టి లేచి వెళ్లి ఆమె పక్కన గడప మీద కూర్చున్నాడు.

సాయంత్రం బస్సులో అదే ఆలోచన. షాఫ్టు మోటారు బలాన్ని మోసుకెళ్తుంది. మధ్యలో చిక్కింది గుడ్డో చెయ్యో దానికి తెలియదు. నాకు తెలియాలి కదా! మిల్లు చూడబోయేవాళ్లు మఫ్లర్, కండువా బయటే తీసిపెట్టండి. నాలాంటి లేత్ పనివాళ్లయితే, పంపేముందు కప్లింగ్ చుట్టూ వేలితో ఒకసారి తడమండి. వేలికి ఏదీ తగలకూడదు.