పొద్దున మాత్రమే మొరాయించే కారు

నా దగ్గర మొత్తం డెబ్భై వేలు ఉండేవి. అందులో యాభై ఎనిమిది వేలు పెట్టి కారు కొన్నాను. మిగిలిన పన్నెండు వేలలో తొమ్మిది వేలు ఖర్చుపెట్టి, ఆ కారుకు ఏ రోగమూ లేదని కనిపెట్టాను! నవ్వకండి, ముందు మొత్తం వినండి.

కారు ఎవరిదనుకున్నారు? మా నాచారం యాదయ్య సార్‌ది. ఆరేళ్ల కింద నేను డ్రైవింగ్ నేర్చుకున్న ఆ చిన్న తెల్ల కారే. అప్పట్లో ఆదివారం పొద్దున్నే ఇండస్ట్రియల్ ఏరియా రోడ్లన్నీ ఖాళీగా ఉండేవి. ఏ ఫ్యాక్టరీ నుంచో బిస్కెట్లు కాలుతున్న వాసన వచ్చేది. సార్ పక్క సీట్లో కూర్చుని, "క్లచ్ మీద కాలు పిల్లి లెక్క పెట్టాలె బిడ్డా, ఏనుగు లెక్క కాదు" అనేవారు. బండి ఆగిపోయిన ప్రతిసారీ ఆయనకు నేనో చాయ్ తాగించాలని రూలు. లైసెన్స్ చేతికొచ్చేసరికి ముప్పై ఒక్క చాయ్‌లు అయ్యాయి.

ఈమధ్య సార్ డ్రైవింగ్ స్కూల్ మూసేశారని తెలిసి వెళ్లాను. ఇక ఓపిక లేదట, ఉప్పల్‌లో తమ్ముడి టైర్ల షాపులో కూర్చుంటారట. కారు గేటు పక్కన దుమ్ము కొట్టుకుని ఉంది. స్టీరింగ్‌కు అల్లిన ఎర్ర వైరు కూడా అట్లాగే ఉంది. దాన్ని పట్టుకోగానే నాకేదో అయిపోయింది. పదో తరగతి పిల్లలకు మూడేళ్లు లెక్కలు చెప్పి దాచుకున్న డబ్బు మొత్తం బయటికి తీశాను.

"బయటోళ్లకు ఇయ్యబుద్ధి అయితలేకుండె బిడ్డా. నీకైతే ఇస్త" అన్నారు సార్. తాళాలు ఇచ్చేటప్పుడు రెండుసార్లు చెయ్యి వెనక్కి తీసుకున్నారు కూడా.

నా ఆఫీసు కూడా ఉప్పల్ రింగ్ రోడ్ దగ్గరే. అందుకే "సార్, రోజూ పొద్దున నాతో రండి, షాపు దగ్గర దింపేస్తా" అని నేనే పిలిచాను. సాయంత్రం ఆయన తమ్ముడి బండి మీద వచ్చేస్తారు.

మొదటి రోజు మెయిన్ రోడ్ ఎక్కి, థర్డ్ గేర్ వేసి, యాక్సిలరేటర్ తొక్కాను. బండి ముందుకు ఉరకబోయి, ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగినట్టు నీరసపడిపోయింది! మళ్లీ లేచింది. మళ్లీ గుంజింది.

"ఏంటి సార్ ఇది?"

సార్ కళ్లు మూసుకుని ఇంజన్ చప్పుడు విన్నారు. "కార్బన్ పట్టినట్టుంది బిడ్డా. ప్లగ్గులు మార్పియ్యి."

మార్పించాను. మర్నాడూ అదే గుంజుడు. "ఎయిర్ ఫిల్టర్ చూపియ్యి" అన్నారు. అదీ అయింది. "అయితే పెట్రోల్ ఫిల్టర్." సరే, అదీ అయింది. మల్లాపూర్‌లో మా మెకానిక్ ఖాజా అన్న ఇంజన్‌కు గాలి వెళ్లే దారంతా విప్పి కడిగి, ఒక్కడే నాలుగు రౌండ్లు తిప్పి వచ్చాడు. "మస్తు పోతుంది తమ్మీ! నువ్వే ఏదో పరేషాన్ అయితున్నవ్."

నేను ఊరుకునే రకమా? ఎక్సెల్ షీట్ తెరిచాను. తేదీ, టైము, గేరు, స్పీడు, ట్యాంకులో పెట్రోలు, ఏసీ ఉందా లేదా, ఎండా వానా, ఆఖరికి గుంజిన చోట మెట్రో పిల్లర్ నంబర్ కూడా. మొత్తం పదకొండు కాలమ్‌లు. రెండు వారాలయ్యాక కూడితే, పొద్దున నలభై ఒక్కసార్లు గుంజింది. సాయంత్రం? సున్నా!

కుర్చీలోంచి ఎగిరినంత పనైంది. పొద్దున మాత్రమే అంటే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మాత్రమే అన్నమాట! రెండు వీడియోలు చూసి జబ్బు తేల్చేశాను. వేడి కొలిచే సెన్సార్ పాడైంది, అందుకే చల్లటి ఇంజన్‌కు చాలినంత పెట్రోలు అందట్లేదు.

ముందు పైసా ఖర్చు లేని వైద్యం మొదలుపెట్టాను. రోజూ బయలుదేరే ముందు పావుగంట ఇంజన్ ఆన్ చేసి ఉంచడం. మూడో రోజు మా ఇంటి ఓనర్ ఆంటీ బాల్కనీలోంచి అడిగారు: "ఏం బాబూ, ఇంకా ఉడకలేదా నీ కారు?"

ఇక లాభం లేదని ఖాజా అన్న దగ్గరికి వెళ్లాను.

"సెన్సార్ మంచిగనే ఉన్నది తమ్మీ."

"డేటా చెప్తోంది అన్నా, మార్చేయ్!"

మార్చాడు. మర్నాడు పొద్దున హబ్సిగూడ దాకా గాలిలో తేలినట్టు వెళ్లింది కారు. ఒక్క గుంజుడు లేదు! ఆ మర్నాడూ లేదు. ఆఫీసులో అందరికీ మైసూర్‌పాక్ పంచాను. చుట్టాల పెళ్లికని రెండు రోజులు జనగామ వెళ్లిన సార్‌కు ఫోన్ చేసి మరీ చెప్పాను.

"నేను చెప్పలే బిడ్డా? బంగారమసొంటి బండి!" అన్నారాయన.

మూడో రోజు సార్ వచ్చి కూర్చున్నారు. థర్డ్ గేర్ వేశాను. గుంజింది! సార్ గంభీరంగా తల ఊపి, "ఇంజన్‌ల ఏమో ఉన్నది బిడ్డా" అన్నారు.

ఆ సాయంత్రం ఖాజా అన్న పానా కింద పడేశాడు. "ఇంక నాతోని కాదు తమ్మీ. అమ్మినోన్ని అడుగు, ఏమన్న దాచిండేమో."

ఆ మాట లోపల ముల్లులా దిగింది. యాదయ్య సార్ దాస్తారా? నాకు రివర్స్ రావట్లేదని ఫీజు తీసుకోకుండా నాలుగు క్లాసులు ఎక్కువ చెప్పిన మనిషి! కానీ పోయినవి నా మూడేళ్ల డబ్బులు. 'సార్, కారు వెనక్కి తీసుకోండి' అన్న మాట అద్దం ముందు నిలబడి నాలుగుసార్లు చెప్పి చూసుకున్నాను. నాలుగుసార్లూ సగంలోనే ఆపేశాను. అనుమానంతో అడగడం కాదు, సాక్ష్యంతోనే అడుగుదామనిపించింది. "అన్నా, ఒక్క పొద్దున నా వెనక బండి మీద రా. గుంజినప్పుడు పొగ ఏ రంగులో వస్తుందో చూడు" అని ఖాజా అన్నను బతిమాలాను.

శనివారం పొద్దున సార్‌తో బయలుదేరాను. వెనకే ఖాజా అన్న. గుంజింది ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. హబ్సిగూడ దాటగానే అన్న ముందుకొచ్చి చెయ్యి అడ్డం పెట్టాడు. ఆపాను. కిటికీలోంచి తల పెట్టాడు.

"పొగ లేదు, ఏం లేదు. నువ్వు యాక్సిలరేటర్ తొక్కుతనే బ్రేక్ ఎందుకు తొక్కుతున్నవ్ తమ్మీ?"

"నేనెక్కడ తొక్కాను!"

"మరి గుంజినప్పుడల్లా ఎనక ఎర్ర లైట్లు ఎందుకు ఎలుగుతున్నయ్?"

ఇద్దరం మెల్లగా ఎడమ వైపు చూశాం. డ్రైవింగ్ స్కూల్ కారు కదా, పక్క సీటు ముందు కూడా క్లచ్, బ్రేక్ ఉంటాయి. సార్ కాలు ఆ బ్రేక్ మీదే ఉంది. ఆయనా వంగి, ఆ కాలు ఎవరిదో అన్నట్టు చూశారు.

ఆ పెడల్స్ తీయించమంటావా అని కొన్నప్పుడే అడిగారాయన. పన్నెండు వందలు దండగ అని నేనే వద్దన్నాను. పదకొండు కాలమ్‌లు పెట్టాను గానీ, పక్కన ఎవరు కూర్చున్నారు అన్న కాలమ్ పెట్టాలని నాకు తోచలేదు!

"ఇరవై ఏండ్ల అలవాటు బిడ్డా" అన్నారు సార్, కాలు వెనక్కి లాక్కుంటూ. "నాకు ఎరుకే లేదు. ఖరాబు బండి అంటగట్టిన అనుకున్నవా?"

"అయ్యో, లేదు సార్!" అన్నాను. అబద్ధం. ఆయనకు తెలిసిపోయింది. అయినా నవ్వేశారు. వెంటనే మాస్టర్ అయిపోయారు.

"అయినా నువ్వు సక్కగ నడిపితే నా కాలు ఎందుకు లేస్తది? ఇందాక ఆ బస్సుకు ఎంత దగ్గరికి పోయినవ్?"

"తమ్మీ, జర లెక్క తీయ్!" అన్నాడు ఖాజా అన్న, నా కన్నా హుషారుగా.

చాయ్ బండి దగ్గర కూర్చుని ఫోన్‌లో షీట్ తెరిచాం. పన్నెండో కాలమ్ పెట్టాను: 'సార్ ఎందుకు తొక్కారు'. పిల్లర్ నంబర్ చెప్తే చాలు, ఆయన చోటు గుర్తుపట్టి కారణం చెప్తున్నారు. మొత్తం నలభై ఆరు. ముందు బండికి మరీ దగ్గరగా వెళ్లడం ఇరవై తొమ్మిది. స్పీడ్ బ్రేకర్ చూసుకోకపోవడం పదకొండు. ఇండికేటర్ వేయకుండా తిప్పడం నాలుగు. "గా రెండు మాత్రం ఊరికెనే తొక్కిన" అని ఒప్పుకున్నారు. ఇంజన్ తప్పు: సున్నా.

"పెడల్స్ తీసేయమంటవా?" అని అడిగాడు ఖాజా అన్న. సార్ ఖాళీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నారు.

"వద్దన్నా. సార్, ఒక పది క్లాసులు చెప్తారా? నా కారే, నా పెట్రోలే!"

"రేపు పొద్దున ఆరింటికి" అన్నారు సార్ తల ఎత్తకుండానే. "ముందు నా దిక్కు బ్రేక్ రబ్బరు మార్పియ్యి. అరిగిపోయింది, కాలు జారుతున్నది."

అందుకే ఇప్పుడు మల్లాపూర్ బయలుదేరుతున్నాను, ఆ రబ్బరు కొనడానికి. ఇన్ని రోజుల్లో ఈ కారుకు నిజంగా అవసరమై నేను కొనబోతున్న మొదటి స్పేర్ పార్ట్ ఇదే!